వాయిదా తాఖీదులు: యంత్రసహాయమున వానిని సిద్ధపఱచు విధము

సహకార సంఘము తన సభ్యునకు పంపు ఉత్తరములలో వాయిదా తాఖీదు కంటె ముఖ్యమైనది వేరొకటి లేదు. మహాజనసభకు రమ్మని పిలుచు ఉత్తరము అందనిచో సభ్యుడొక దినపు చర్చను మాత్రమే కోల్పోవును. వాయిదా తాఖీదు సకాలమున అందనిచో ధనమునే కోల్పోవును. ఎంత కోల్పోవునో లెక్క వేసి చూతము.

కేంద్రప్రభుత్వమువారి వడ్డీ రాయితీ పద్ధతి ననుసరించి 3 లక్షల రూపాయల వఱకు గల స్వల్పకాలిక పంట ఋణములపై రైతు నూటికి 7 వంతున వడ్డీ చెల్లించవలయును. గడువులోగా తీర్చినవానికి మఱి 3 వంతులు తగ్గును గాన అట్టివానికి నూటికి 4 మాత్రమే పడును. ఈ పద్ధతిని 2025-26వ సంవత్సరమునకును కొనసాగించుటకు కేంద్ర మంత్రివర్గము 2025 మే నెలలో అంగీకరించెను. లక్ష రూపాయలు సంవత్సరముపాటు వాడుకొన్న రైతు గడువునాటికి చెల్లించినచో వడ్డీ 4,000 రూపాయలు. గడువు దాటనిచ్చినచో 7,000 రూపాయలు. ఒక్కదినపు ఏమఱుపాటునకు వెల 3,000 రూపాయలన్నమాట. మెట్టపొలము నమ్ముకొన్న రైతునకు ఇది అల్పమైన మొత్తము గాదు. డబ్బు చేతిలో నుండియు గడువుతేదీ తెలియక ఈ నష్టమునకు లోనగు రైతు ఒక్కడున్నను ఆ లోపము సంఘమునదే యగును.

మన ప్రాంతపు పరిస్థితి

పొదిలి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు వర్షాధారములు. కంది, ప్రత్తి, మిరప, పొగాకు మన ముఖ్యమైన పంటలు. బోరులలో నీరున్న చోట్ల బత్తాయి తోటలును కలవు. కంది కళ్లమునుండి ఇల్లు చేరు కాలమొకటి, పొగాకు పొదిలి వేలపు కేంద్రమున అమ్ముడై సొమ్ము వచ్చు కాలము వేరొకటి. కావున అందఱు సభ్యులకును ఒకే మాటలతో ఒకే దినమున చాటింపు వేయించిన చాలదు. ఎవరి ఋణము వారిది, ఎవరి గడువు వారిది. ఒక్కొక్కనికి వాని పేరు, వాని బాకీ, వాని గడువుతేదీ గల ప్రత్యేకమైన ఉత్తరము పోవలయును.

ఇది గాక వానలు లేని యేడు మన పల్లెలనుండి అనేకులు హైదరాబాదునకును, బెంగుళూరునకును, గుంటూరు ప్రాంతమునకును పనులకై తరలిపోవుచుందురు. తాళము వేసిన తలుపు సందున త్రోసిన ఉత్తరము ఎవరికిని అందదు. ఇట్టివారి ప్రస్తుతపు విలాసము కూడ సంఘమువారికి తెలిసియుండవలయును.

ఒక సంఘమున ఋణము గల సభ్యులు 240 మంది యున్నారనుకొందము. ఒక్కొక్క తాఖీదును పద్దుపుస్తకము చూచి చేతితో వ్రాయుటకు 5 నిముషములు పట్టినను మొత్తము 1,200 నిముషములు, అనగా 20 గంటలు కావలయును. ఒంటి గుమాస్తా గల సంఘమున ఇది మూడు దినముల పని. ఆ దినములలో ఎరువుల అమ్మకము, రసీదులు, పాసుపుస్తకములు ఆగవు గదా. అందుచే తాఖీదులు వెనుకబడును. వెనుకబడిన తాఖీదు వ్రాయనిదానితో సమానము.

యంత్రము చేయు పని

ఈ కష్టమును తీర్చు ఉపాయము కంప్యూటరులో చిరకాలమునుండి కలదు. దానిని మెయిల్ మెర్జి యందురు. ఉత్తరమున అందఱికి సమానమైన భాగమును ఒకచోటను, ఒక్కొక్కరికి వేఱగు భాగమును పట్టికగా మఱియొకచోటను ఉంచి, యంత్రముచే రెంటిని జతపఱపించుటయే దీని మర్మము. పెండ్లి శుభలేఖ నచ్చుకొట్టించి పేరు వ్రాయుటకు ఖాళీ విడుతుము గదా, ఇదియు నట్టిదే. భేదమేమనగా ఖాళీలను పూరించు పని గుమాస్తాది గాక యంత్రముది.

1978లో మైక్రోప్రో అను సంస్థ వర్డుస్టారు అను వర్డు ప్రాసెసరును వెలువరించెను. పిమ్మట దానికి తోడుగా మెయిల్ మెర్జి అను భాగమును చేర్చిరి. కామాలతో విడదీసిన సాదా టెక్స్టు ఫైలునుండి పేర్లను, అంకెలను చదివి ఉత్తరములో నింపుట దాని పని. పంక్తి మొదట చుక్క పెట్టి వ్రాసిన ఆజ్ఞలతో, ఏ ఫైలు చదువవలెనో, ఏ గడికి ఏ పేరో దానికి తెలుపుచుండెడివారు. వర్డుస్టారు మూలబడినను ఈ పద్ధతి మాత్రము నేటి మైక్రోసాఫ్టు వర్డులోను, వెల లేక లభించు లిబ్రె ఆఫీసులోను నిలిచియున్నది. చిన్న సంఘములు లిబ్రె ఆఫీసును నిరభ్యంతరముగ వాడుకొనవచ్చును. దానికి అనుమతి రుసుము లేదు.

దేశమున 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులలోనికి మార్చుటకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. దానిని నడపు భారము నాబార్డుది. మీ సంఘపు లెక్కలు ఏ యంత్రమున నున్నను, బాకీదారుల పట్టికను టెక్స్టు ఫైలుగా దింపుకొనుటకు వీలున్నదేమో కార్యదర్శి మొదట విచారించవలయును. వీలు లేనిచో పద్దుపుస్తకమునుండి ఒక్కసారి ఎక్కించుకొనవచ్చును. ఆ శ్రమ మొదటి యేటిదే. తరువాతి యేండ్లలో మారినవానిని దిద్దుకొనిన చాలును.

పట్టిక నెట్లు వ్రాయవలయును

పట్టిక యనగా ఒక సాదా టెక్స్టు ఫైలు. మొదటి పంక్తిలో గడుల పేర్లు వ్రాయవలయును. తరువాత సభ్యునకొక పంక్తి. మచ్చునకు:

సభ్యసంఖ్య;పేరు;తండ్రి లేక భర్త;గ్రామము;అసలు;వడ్డీ;గడువు
స-0047;రామయ్య;వెంకయ్య;పొదిలి;100000;4000;2027 మార్చి 31
స-0048;సీతమ్మ;సోమయ్య;పొదిలి;60000;2400;2027 మార్చి 31

ఈ పేర్లు, అంకెలు, తేదీలు నమూనాకై వ్రాసినవే. ఇందు గమనింపవలసిన విషయములు అయిదు కలవు.

మొదటిది. గడుల నడుమ కామా గాక అర్ధవిరామచిహ్నము పెట్టితిమి. మన దేశపు లెక్కలో లక్షను 1,00,000 అని రెండు కామాలతో వ్రాయుదుము. గడులను కూడ కామాలతోనే విడదీసినచో యంత్రము ఈ యొక్క మొత్తమును 1, 00, 000 అని మూడు గడులుగా భావించును. దానితో తరువాతి గడులన్నియు ప్రక్కకు జరిగి, వడ్డీ ఉండవలసిన చోటను, గడువు ఉండవలసిన చోటను సున్నలే ముద్రితమగును. "4-12, పాత వీధి" అను ఇంటి విలాసముతోడను ఇదే చిక్కు. అందుచే మొత్తములను కామాలు లేక వ్రాయవలయును. గడులను అర్ధవిరామముతో గాని, ట్యాబు గుర్తుతో గాని విడదీయవలయును.

రెండవది. సభ్యసంఖ్యకు ముందు "స-" చేర్చితిమి. 0047 అని మాత్రము వ్రాసినచో యంత్రము దానిని అంకెగా నెంచి ముందున్న సున్నలను పాఱవేసి 47 అని చూపవచ్చును. అక్షరము చేర్చినచో అది పేరువలె నెంచబడి చెక్కుచెదరకుండును.

మూడవది. తేదీలో నెలపేరు అక్షరములతో వ్రాసితిమి. 03-04-2027 అనిన మనకు ఏప్రిల్ 3. అమెరికా సంప్రదాయమున అమర్చిన యంత్రమునకు మార్చి 4. నెల తేడా వచ్చిన తాఖీదు రైతును బెదరించుటకో నిద్రపుచ్చుటకో తప్ప మఱెందుకును పనికిరాదు.

నాలుగవది. ఒకే పేరు గల సభ్యులు ప్రతి గ్రామమున నుందురు. వెంకటేశ్వర్లులు, సుబ్బారావులు, లక్ష్మమ్మలు ఎందఱో. ఇంటిపేరు సయితము కలియవచ్చును. తండ్రిపేరు లేక భర్తపేరు గడి తప్పక ఉండవలయును. అయినను యంత్రము ఆధారపడవలసినది సభ్యసంఖ్య మీదనే. పేరును బట్టి జతచేసిన పట్టిక ఒకనాటికి ఒకని బాకీని వేరొకని నెత్తిన పెట్టక మానదు.

అయిదవది. ఫైలును భద్రపఱచునపుడు యు.టి.ఎఫ్-8 అను సంకేతపద్ధతిని ఎన్నుకొనవలయును. ఈ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతము మూడు బైట్లుగా నిలువయుండును. చదువు యంత్రము వేఱు పద్ధతి ననుసరించినచో ఆ మూటిని మూడు వింతగుర్తులుగా చూపును. తెలుగు పేర్ల స్థానమున పిచ్చిగీతలు కనబడుటకు కారణము సామాన్యముగ నిదియే. అచ్చుపనికి వాడు కొన్ని పాత ఖతులు యూనికోడును అనుసరించినవి కావు. వానితో టైపుచేసిన జాబితాను యూనికోడులోనికి మార్చిన పిమ్మటనే వాడవలయును. యూనికోడు ఖతులు ఉచితముగ దొరకుచున్నవి. సిలికానాంధ్రవారు అందఱకును ఉచితముగ అందుబాటు చేసిన మండలి యను ఖతి అట్టివానిలో నొకటి.

మూలపత్రము

ఇక ఉత్తరము. దీనిని వర్డు ప్రాసెసరులో ఒక్కసారి వ్రాసి, వేఱువేఱుగ నుండవలసిన చోట్ల గడుల పేర్లను నిలుపవలయును. మచ్చునకు గడులను కోణపు గుర్తుల నడుమ చూపుచున్నాము.

«పేరు» గారికి,
తండ్రి లేక భర్త: «తండ్రి లేక భర్త». గ్రామము: «గ్రామము». సభ్యసంఖ్య: «సభ్యసంఖ్య».
మీ పంట ఋణపు అసలు రూ. «అసలు». గడువులోగా చెల్లించినచో వడ్డీ రూ. «వడ్డీ». గడువుతేదీ: «గడువు». ఈ తేదీలోగా చెల్లించినవారికి మాత్రమే వడ్డీ తగ్గింపు లభించును. లెక్కలో తేడా యున్నచో పాసుపుస్తకముతో సంఘమునకు రాగోరుచున్నాము.

తెలుగు ఉత్తరమునకు ప్రత్యేకమైన సంగతి యొకటి ఇందు కలదు. మన భాషలో విభక్తులు పదమునుబట్టి మారును. పొదిలికి అందుము, మార్కాపురమునకు అందుము. యంత్రమునకు ఈ భేదము తెలియదు. ఉత్తరమున "«గ్రామము»కి" అని వ్రాసినచో కొన్ని గ్రామముల పేర్లు చక్కగా నుండును, కొన్ని ఎబ్బెట్టుగా నుండును. కావున "గ్రామము: పొదిలి" అని వేఱుగ నిలిపి, విభక్తి అవసరము లేకుండ వాక్యమును కట్టవలయును. పేరునకు "గారికి" అని చేర్చినచో పురుషులకును స్త్రీలకును, ఏ పేరునకైనను సరిపోవును; మర్యాదయు నిలుచును. "రూపాయ, రూపాయలు" అను ఏకవచన బహువచనముల చిక్కు "రూ." అనుటతో తీఱును.

అందఱికి సమానమైనది ఉత్తరమున, వేఱైనది పట్టికలో నుండవలెనను నియమమును పాటించుటవలన మఱియొక లాభము కలదు. పొదిలి తాలూకా పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు వచ్చినది. జిల్లాపేరును వందలాది పంక్తులలో వ్రాసికొన్నవాడు ప్రతి మార్పునకు వందలాది దిద్దుబాట్లు చేయవలయును. మూలపత్రములో ఒక్కచోట వ్రాసికొన్నవానికి ఒక్క దిద్దుబాటు చాలును. ఊరు విడిచిన సభ్యుల విలాసములు మాత్రము వేఱువేఱు గనుక వానికి పట్టికలో ప్రత్యేకమైన గడి ఉండవలయును.

రెంటిని జతపఱచుట

లిబ్రె ఆఫీసులో ఈ పని ఇట్లు సాగును.

1. టెక్స్టు ఫైలును ఒక ప్రత్యేకమైన ఫోల్డరులో నుంచవలయును. ఆ ఫోల్డరే యంత్రమునకు దత్తాంశపు పెట్టె. అందలి ఒక్కొక్క ఫైలు ఒక్కొక్క పట్టికగా లెక్కింపబడును.
2. కొత్త డేటాబేసు తెఱచి, "ఉన్న డేటాబేసుతో కలుపుము" అను దానిలో టెక్స్టు అను రకమును ఎన్నుకొని, ఫోల్డరును, ఫైలు రకమును, గడులను విడదీయు గుర్తును, యు.టి.ఎఫ్-8 సంకేతపద్ధతిని తెలుపవలయును. పిమ్మట దానికొక పేరిచ్చి నమోదు చేయవలయును.
3. మూలపత్రమును తెఱచి, దత్తాంశముల కిటికీనుండి గడుల శీర్షికలను పట్టి యీడ్చి వలసిన చోట్ల వదలవలయును.
4. అచ్చువేయుమని ఆజ్ఞాపించినపుడు, ఇది పలువురకు పంపు ఉత్తరమా యని యంత్రము ప్రశ్నించును. అవుననవలయును. అందఱికా, కొందఱికా, కాగితము మీదనా, ఫైలులోనా యను ప్రశ్నలకు ప్రత్యుత్తరమిచ్చినచో పని ముగియును.

మైక్రోసాఫ్టు వర్డులో "మెయిలింగ్సు" అను వరుసలో గ్రహీతల జాబితాను చూపి, గడులను చేర్చి, చివర జతపఱచుమనుటతో ఇదే ఫలితము కలుగును.

తనంతట తాను జరుగునట్లు చేయుట

తాఖీదులు ఏటికొకసారి వ్రాయునవి కావు. గడువునకు నెలదినములముందు ఒకటి, పది దినములముందు మఱొకటి పోవుట మంచిది. ప్రతిసారి పై మెట్లన్నియు త్రొక్కుట విసుగు. విసుగున పొరపాటు పుట్టును. అందుచే ఆ మెట్లను ఒక మాక్రోగా వ్రాసి యుంచుకొనవచ్చును. మాక్రో యనగా యంత్రము వరుసగ పాటించవలసిన ఆజ్ఞల చీటీ. లిబ్రె ఆఫీసు మాక్రోలో తెలుపవలసినవి ఇంతే: నమోదు చేసిన దత్తాంశపు పేరు, అందలి పట్టిక పేరు, మూలపత్రము ఉన్న చోటు, ఉత్తరములు కాగితము మీదికా ఫైలులోనికా, ఫైలులోనికైనచో ఏ ఫోల్డరులోనికి, ఒక్కొక్క ఫైలునకు ఏ గడినిబట్టి పేరు పెట్టవలెను. సభ్యసంఖ్య గడిని చూపినచో స-0047 అను పేరుతో రామయ్య ఉత్తరము భద్రమగును. రేపు రామయ్య వచ్చి తనకేమి పంపితిరని అడిగినచో క్షణమున తీసి చూపవచ్చును.

బాకీ తీర్చినవారికి తాఖీదు పోరాదు. బాకీ సున్న కాని పంక్తులనే గ్రహించుమని మాక్రోకు చెప్పవచ్చును. చెల్లించినవాని కుత్తరము పంపి బాకీ యడుగుట సంఘమునకు అపకీర్తి.

ఈ మాక్రోను ఒకసారి తెలిసినవారిచే వ్రాయించుకొని, దాని వివరమును కాగితము మీద తెలుగున వ్రాసి బీరువాలో నుంచవలయును. గుమాస్తా మారినను పని ఆగకుండుటకు ఇదియే మార్గము.

పరీక్షింపక పంపరాదు

యంత్రము శ్రమ తగ్గించును గాని వివేకమునీయదు. చేతితో వ్రాయు గుమాస్తా తప్పుచేసినచో ఒక్క ఉత్తరము చెడును. యంత్రమునకిచ్చిన పట్టిక తప్పైనచో 240 ఉత్తరములును చెడును, అన్నియు అందముగనే చెడును. అందు మిక్కిలి ప్రమాదకరమైనది ఈ క్రిందిది. పేర్లను అకారాది క్రమమున పెట్టవలెనని ఎవరో పేర్ల గడిని మాత్రమే క్రమపఱతురు. మొత్తముల గడి కదలక యుండును. అప్పుడు ఒక్కొక్క పేరునకు ఇంకొకరి బాకీ వచ్చి చేరును. ఉత్తరము చూచుటకు నిర్దోషముగనే కనబడును. కావున ఈ నాలుగు పరీక్షలు జరుపక ఒక్క ఉత్తరమును వాకిలి దాటనీయరాదు.

1. ఉత్తరముల సంఖ్యయు పట్టికలోని బాకీదారుల సంఖ్యయు సరిపోవలయును.
2. పట్టికలోని అసలు గడి మొత్తము సంఘపు సాధారణ పద్దులోని పంట ఋణముల నిలువతో పైసాతో సహా సరిపోవలయును.
3. మొదటి ఉత్తరమును, చివరి ఉత్తరమును, నడుమ ప్రతి పదవ ఉత్తరమును పద్దుపుస్తకముతో సరిచూడవలయును. గడి కదలిన దోషము మొత్తములో బయటపడదు, దీనివలననే బయటపడును.
4. సరిచూచినవాడును, పట్టిక వ్రాసినవాడును వేఱువేఱు మనుష్యులై యుండవలయును. పిమ్మట కార్యదర్శి సంతకము చేయవలయును.

సభ్యుని మర్యాద

ఒకని బాకీ వాని యింటి సంగతి. దానిని మడవని కాగితము మీద పంపరాదు, మఱియొకనిచే చదివించుకొనవలసిన స్థితి తేరాదు. అక్షరములు పెద్దవిగాను, వాక్యములు చిన్నవిగాను ఉండవలయును. ఆధారు సంఖ్యగాని, బ్యాంకు ఖాతా సంఖ్యగాని తాఖీదునకు అవసరము లేదు గాన పట్టికలోనికే రానీయరాదు. పట్టిక గల యంత్రమునకు రహస్యపదము ఉండవలయును. ఫైలును అచ్చుకొట్టుకి పంపి అక్కడ మఱచిపోరాదు. వ్యక్తుల వివరములను కాపాడుటకై 2023లో పార్లమెంటు ప్రత్యేకముగ ఒక చట్టమును చేసియున్నది. చట్టమున్నను లేకున్నను ఇరుగుపొరుగువారి నడుమ బ్రతుకు సంఘమునకు ఇది ధర్మము.

సహకారోద్యమము మన దేశమునకు వచ్చిన త్రోవను ఇచట జ్ఞాపకము చేసికొనుట తగును. జర్మనీ దేశమున రైఫైజెను మహాశయుడు పల్లెవారి పరపతి సంఘములను స్థాపించెను. వానిని మద్రాసు ప్రభుత్వోద్యోగియగు ఫ్రెడెరిక్ నికల్సన్ పరిశీలించి 1895లోను 1897లోను నివేదికలు వ్రాసెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఆ పద్ధతికి పునాది ఒక్కటే: సభ్యులు ఒకరి నొకరు ఎఱిగియుందురు, సంఘము ఒక్కొక్కని ఎఱిగియుండును. సభ్యులు పదులుగా నున్ననాడు ఆ ఎఱుక కార్యదర్శి జ్ఞాపకమున నుండెడిది. వందలైననాడు పుస్తకమున నిలిచినది. నేడు పట్టికలో నిలువవలసియున్నది. రామయ్య పేర, రామయ్య లెక్కతో, రామయ్య గడువునకు ముందు చేరిన ఉత్తరము ఆ ఎఱుకకు గుర్తు.

సభ్యులు చేయవలసిన పనియు కొంత కలదు. తమ పేరు, తండ్రిపేరు, విలాసము సంఘపు పుస్తకమున సరిగా నున్నవో లేవో ఒక్కసారి వచ్చి చూచుకొనవలయును. ఊరు విడిచి పోవునపుడు పోవుచోటు తెలుపవలయును. గడువుతేదీ తెలిసిన రైతు డబ్బును వేళకు సమకూర్చుకొనును. వేళకు చెల్లించిన రైతువలన సంఘము నిలుచును. నిలిచిన సంఘమే వచ్చు తొలకరికి మరల ఋణమీయగలదు. ఈ సంవత్సరపు తాఖీదులనైనను ఈ విధమున సిద్ధపఱచుటకు పంచాయతుదారులు రాబోవు సమావేశమున తీర్మానించుదురు గాక.